ఉల్లిగడ్డల గంప

సైనిక్‌పురిలో ఇళ్ల మధ్య ఇంకా కోళ్లు తిరిగే పెరడంటూ ఒకటుందంటే అది భద్రయ్యదే. కోళ్లను ఆయనలా కాపాడుకున్న మనిషి జంటనగరాల్లో ఇంకొకడు లేడు. ఆ పెరట్లోంచి కుక్క గానీ పిల్లి గానీ గద్ద గానీ ఏనాడూ ఒక్క కోడి ఈకనైనా ఎత్తుకుపోలేదు. కాదనేవాళ్లుంటే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.

భద్రయ్య పుట్టిందీ పెరిగిందీ సీతాఫల్‌మండి ఇరుకు గల్లీల్లో. అక్కడ కోడంటే దుకాణంలో తక్కెడ మీద చూడ్డమే. చేసిన ఉద్యోగం రైల్వే వర్క్‌షాపులో వెల్డింగు. రిటైరయ్యే ముందు సైనిక్‌పురిలో ఒక మిలిటరీ ఆయన అమ్మకానికి పెట్టిన పాత ఇల్లు కొన్నాడు. ఇంటి వెనక ఒక జామచెట్టు, ఒక కరివేపచెట్టు, ఎందుకూ కొరగాని ఖాళీ జాగా. ఆ జాగా చూడగానే ఆయనకు కోళ్లు గుర్తొచ్చాయి. ఎందుకు గుర్తొచ్చాయో ఆయన భార్య దేవమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఒక తెల్ల పుంజును, ఒక పొడల పెట్టను, ఒక ఎర్ర పెట్టను తెచ్చి వదిలాడు. వదిలాడంటే నిజంగానే వదిలాడు. చీకటి పడితే పాత స్టోర్‌రూములోకి తోలి తలుపు వేయడమే తప్ప, బోను లేదు, పైన జాలీ లేదు.

"కోడన్నంక తిరగాలె. పురుగులు ఏరుకోవాలె, మట్టిల పొర్లాలె. బోన్ల పెట్టిన కోడి గుడ్డుకు రుచి ఏడికెళ్లి వస్తది? గంతకన్న సబ్బు కొరుక్కతినుడు నయం," అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఉపన్యాసం ఇచ్చేవాడు.

అట్లా నడుస్తుండగా వియ్యంకుడు దిగాడు.

ఆయన పేరు ధర్మరాజు, తణుకు పక్కన ఊరు. భద్రయ్య కూతురు అనుపమ, ధర్మరాజు కొడుకు జయకృష్ణ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. పిల్లలిద్దరూ పాలూ నీళ్లలా కలిసిపోయారు గానీ, ఈ పెద్దమనుషులిద్దరికీ మాత్రం ప్రతిదాంట్లోనూ పోటీయే. చేపల పులుసులో పోటీ, పచ్చళ్లలో పోటీ, చివరికి ఎండలో కూడా పోటీ. "మా వైపు ఎండకి బుర్ర మాడిపోద్దండీ" అని ఆయనంటే, "మా దిక్కు నీడ సుత కాలుతది" అని ఈయన.

అనుపమ పురిటికి పుట్టింటికి వచ్చిందని చూడడానికి వచ్చిన ధర్మరాజు, రైల్లో సీటు కింద పెట్టుకుని ఒక వెదురు గంప తెచ్చాడు. గంప మూతికి పాత పంచె కట్టి ఉంది. విప్పితే లోపలొక పెట్ట. మెడ మీద నెమలి రంగు, కళ్లలో మునసబు పొగరు. గంపలోంచి దిగి పెరడంతా ఒకసారి చూసి, ఫరవాలేదులే అన్నట్టు జామచెట్టు కింద తవ్వడం మొదలుపెట్టింది.

"మా తాతల నాటి జాతి బావగారూ ఇది. దీని కింద పెట్టిన గుడ్డు మురగడం అనేది లేదండి. మనవడో మనవరాలో పుట్టి ఉయ్యాల్లో వేసే రోజుకి నేను మళ్లీ వస్తా. ఆ రోజుకి ఇది పిల్లల్ని వెంటేసుకుని మీ పెరట్లో తిరుగుతూ ఉండాలి. చూసుకోలేననుకుంటే ఇప్పుడే చెప్పెయ్యండి, మొహమాటం లేదు. తిరుగు రైల్లో తీసుకుపోతా."

భద్రయ్యకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

"ఏం మాటలు బావా ఇవి! మా వాడకట్టు కుక్కలకు నేనంటే ఏందో మీకెర్క లేదు. నా చెప్పుల సప్పుడు ఇంటెనే తోకలు ముడుస్తయ్. మీరు బేఫికర్‌గ ఉండుండ్రి."

ఆ మాట ధర్మరాజుతో పాటు రైలెక్కి తణుకు వెళ్లిపోయింది. ఇక దాన్ని వెనక్కి పిలవడానికి లేదు.

గంపను దేవమ్మ వంటింట్లోకి పట్టుకుపోయింది. సందులు సందులుగా అల్లిన గంప అది. "మంచిగ గాలాడతది, ఉల్లిగడ్డలు కరాబుగావు," అని సంచిలో ఉన్న ఉల్లిగడ్డలన్నీ అందులో పోసింది.

వియ్యంకుడు వెళ్లిన వారం తిరక్కుండానే తెల్ల పుంజు పోయింది.

మొదట్లో ఒక్క ఈక కూడా పోలేదన్నాను కదా. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఈకలన్నీ జామచెట్టు కింద దూది ఏకినట్టు భద్రంగా ఉన్నాయి. పుంజే లేదు.

పని ఎవరిదో భద్రయ్యకు తెలుసు. వీధిలో ఒక ఎర్ర కుక్క తిరుగుతుంది. పక్కింటి మేడ మీద ఉండే కాంతమణి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, వీధి కుక్కలకు రోజూ అన్నం పెడుతుంది. మిలిటరీ వాళ్లున్న కాలనీ కాబట్టి వాటికి పేర్లు కూడా అట్లాగే పెట్టింది. ఎర్రదాని పేరు సుబేదార్. భద్రయ్య పిడికెడు ఈకలు పట్టుకుని ఆవిడ గేటు ముందు నిలబడ్డాడు.

"మేడమ్, చూడుండ్రి. మీ సుబేదార్ చేసిన పని."

"మా సుబేదారా? ఛ ఛ. వాడు శుద్ధ శాకాహారి భద్రయ్యగారూ. చిన్నప్పటి నుంచి నా చేతి పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టడు."

గేటు పక్కనే పడుకున్న సుబేదార్ అప్పుడే ఒక తేన్పు తేన్చాడు. మీసానికి ఒక తెల్ల ఈక అంటుకుని ఉంది.

"మరి గా ఈక ఏంది?"

"దిండు చించుకున్నాడేమో పాపం," అంది కాంతమణి.

భద్రయ్య పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చి, అటక మీది వెల్డింగు మిషను దింపాడు. పెరటి దారికి ఇనుప గేటు చేశాడు. చిన్న గేటేం కాదు, రైలు ఇంజను గుద్దినా వంగని గేటు. సుబేదార్ వచ్చి దాన్ని వాసన చూసి, ఒక కాలెత్తి తన అభిప్రాయం చెప్పి, గేటు కింద మట్టి తవ్వుకుని లోపలికి వచ్చాడు. భద్రయ్య కర్ర పట్టుకుని వచ్చేసరికి పొడల పెట్ట లేదు. కింద షాబాద్ బండలు పరిపించాడు. కుక్క ఆగింది. ఊచల సందుల్లోంచి ముంగిస వచ్చింది, పట్టపగలు, పిలిచిన చుట్టంలా నింపాదిగా. ఎర్ర పెట్టను మెడ పట్టి ఈడ్చుకుపోయింది. ఊచలకు జాలీ కొట్టించాడు. ముంగిస కూడా ఆగింది.

కుక్కల బండికి ఫోన్ చేశాడు. వాళ్లు మర్యాదగా వచ్చి సుబేదార్‌ను పట్టుకెళ్లారు. భద్రయ్య ఆ రోజు రెండు కప్పులు చాయ్ ఎక్కువ తాగాడు. కొన్నాళ్లకు అదే బండి అదే గేటు ముందు ఆగింది. ఆపరేషన్ చేయించుకుని, చెవి కొస కత్తిరించుకుని, ఒళ్లు చేసి సుబేదార్ కిందికి దిగాడు.

"ఏందన్నా ఇది! మళ్లీ ఈడనే ఇడుస్తున్నరు?"

"రూల్ సార్. ఏ గల్లీల పడితె ఆ గల్లీలనే ఇడవాలె."

ఆ సాయంత్రం కాంతమణి సుబేదార్‌కు పెరుగన్నంలో నెయ్యి వేసి పెట్టింది. గోడ ఇవతల నిలబడి ఆ నెయ్యి వాసన పీల్చిన భద్రయ్యకు కడుపు మండిపోయింది.

ఈ గోలంతటిలో మిగిలింది వియ్యంకుడి పెట్ట ఒక్కటే. స్టోర్‌రూములో మూలకు గుడ్ల మీద కూర్చుని ఉండడం వల్ల బతికిపోయింది. ప్రతి ఆదివారం ధర్మరాజు ఫోన్ చేస్తాడు. "ఎలా ఉన్నాయండీ కోళ్లు?" అంటాడు. "ఫస్ట్‌క్లాస్!" అంటాడు భద్రయ్య, ఖాళీ పెరడు చూస్తూ.

"డాడీ, మామయ్యకు నిజం చెప్పెయ్యరాదు," అంది అనుపమ.

"ఏమని చెప్పాలె? వెల్డరు గేటు పెడితే కుక్క కిందికెళ్లి దూరిందని చెప్పాలెనా? ఇగ ఆయన ఊరంత నవ్వుతది. నువ్వు జెర ఊకో బిడ్డా."

అప్పుడు దేవమ్మ తేల్చేసింది.

"ఏమయ్యా, గేట్లతోని ఏం గాదు. నీ వియ్యంకుడు వచ్చి గుడ్లప్పగించి చూసిపోయిన కాడికెళ్లి షురూ అయింది ఇదంత. మన కోళ్లకు దిష్టి తాకింది."

దానికి మందు కూడా ఆమే చెప్పింది. పట్నంలో ఎవరికైనా ఆపద వచ్చి పోతే మాంసం ముక్కలు చుట్టూ తిప్పి, వంతెన మీదికి పోయి గద్దలకు వేస్తారు. గద్ద పట్టుకుపోయిన ముక్కతో పాటు చెడంతా పోతుందని. తురకలూ వేస్తారు, మనవాళ్లూ వేస్తారు. మూసీ దాకా ఎందుకు, మన మేడ లేదా అంది దేవమ్మ. ఇంకో రోజైతే భద్రయ్య నవ్వేవాడే. కానీ ఇనుము ఓడిపోయింది, బండ ఓడిపోయింది, బండి ఓడిపోయింది. ఆయనే స్వయంగా పోయి మేక ఊపిరితిత్తులు కొట్టించుకుని తెచ్చాడు.

దేవమ్మ ఆ ముక్కలను పెట్ట చుట్టూ తిప్పి, మేడెక్కి ఒక్కొక్కటే గాల్లోకి విసిరింది. మొదటి రోజు ఎక్కడో దూరంగా తిరుగుతున్న గద్ద ఒకటి వచ్చి పట్టుకుపోయింది. మర్నాడు దాని చుట్టాలు వచ్చాయి. వారం గడిచేసరికి దేవమ్మ మెట్లెక్కే చప్పుడు వినబడితే చాలు, ఇంటి మీద ఆకాశం నల్లబడేది.

"చూసినవా, ఎట్ల ఎగబడి తీసుకుంటున్నయో! దిష్టంత పోతున్నది," అని మురిసిపోయింది దేవమ్మ. నిజంగానే ఆ రోజుల్లో కుక్కా రాలేదు, ముంగిసా రాలేదు. కోళ్లు లేని పెరట్లోకి అవి మాత్రం ఎందుకొస్తాయి?

అనుపమకు ఆడపిల్ల పుట్టింది. ఇంటిల్లిపాదీ ఆ సంబరంలో ఉండగానే గుడ్లు కూడా పగిలాయి. ఒక్కటీ మురగలేదు. స్టోర్‌రూము చీకట్లో కోడిపిల్లలు ఎండ తగలక కునుకుతుంటే, ఒక పొద్దున భద్రయ్య తలుపు తీశాడు. పెట్ట ముందు, వెనక పసుపు ముద్దల్లా పిల్లలు, వరసగా ఎండలోకి వచ్చాయి. భద్రయ్య గుండె పొంగింది. గేటు చూసుకున్నాడు. జాలీ చూసుకున్నాడు. బండలు చూసుకున్నాడు.

పైకి మాత్రం చూడలేదు.

నీడ ఒకటి జామచెట్టు మీదుగా జారింది. ఉస్సుమని ఒక గాలి. ఒక పిల్ల తక్కువైంది.

భద్రయ్య తలెత్తాడు. పిట్టగోడ మీద, వాటర్ ట్యాంకు మీద, కరెంటు తీగ మీద గద్దలు బంతిలో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాయి. రోజూ వేళకు వడ్డించే ఇల్లు కదా. ఇవాళ కొత్త వంటకం అనుకున్నాయి.

"ఏమే!" అని అరిచాడు. "దిష్టి పోవుడు కాదే, మనమే పిలిచి మేడ మీద కూసోబెట్టినం గద! రోజు తినబెట్టి, తొవ్వ చూపించి!"

"నాకేమెర్క?" అంది దేవమ్మ కిటికీలోంచి. "ముక్కలు తెచ్చింది నువ్వు గాదా?"

ఆ రోజు నుంచి భద్రయ్య పెరట్లోనే కాపురం. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో కర్ర. జామకొమ్మలకు పాత సీడీలు కట్టాడు, తళతళలాడితే గద్దలు బెదురుతాయని ఎవరో చెప్పారు. గద్దలు వాటిల్లో మొహం చూసుకున్నాయి. ముక్కలు వేయడం మానేద్దామంటే, మానిన రోజు అవి మరింత కిందికి దిగి మరీ అరిచాయి. వేస్తే మరిన్ని వస్తాయి, వేయకపోతే పిల్లల మీదికి వస్తాయి. కాబట్టి దేవమ్మ ముందు వైపు మేడ మీంచి ముక్కలు వేసి వాటిని అటు మళ్లించాలి, ఆ సందులో ఈయన వెనక వైపు పిల్లలను తిప్పుకోవాలి. ఇంట్లో బాలింత, పసిపిల్ల. ముసలి మొగుడూ పెళ్లాలు మాత్రం చెరోవైపు గద్దల సేవలో.

ఉయ్యాల వేడుక దగ్గర పడింది. ఒక పొద్దున ధర్మరాజు వీడియో కాల్ చేశాడు.

"బావగారూ, పిల్లలు లేచాయన్నారుగా, ఒకసారి చూపించండి. కళ్లారా చూస్తా."

తప్పించుకోవడానికి లేక భద్రయ్య ఫోన్ ఎత్తి పట్టాడు. అప్పుడే మాంసం పొట్లం దేవమ్మకు అందించి వచ్చిన చెయ్యి, ఫోనుకంతా అదే వాసన. ఇంకేముంది, పైనుంచి దిగిన గద్ద ఒకటి ఆ ఫోనును గోళ్లతో పట్టుకుని ఝామ్మని లేచిపోయింది. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆకాశంలోంచి ధర్మరాజు గొంతు వినబడుతోంది. "బావగారూ, మీ ఇల్లు పైనుంచి ఎంత బాగుందండీ! అదేంటండీ దూరంగా మెరుస్తోంది, హుస్సేన్‌సాగరా? అద్గో, అది సికింద్రాబాద్ స్టేషనే కదండీ! కొంచెం కిందికి పట్టుకోండి, కోళ్లు కనపడ్డం లేదు..." ఆ తర్వాత గద్దకు విసుగొచ్చి వదిలేస్తే ఫోన్ కాంతమణి మేడ మీద పడింది. అద్దం పగిలిన ఫోనును ఆవిడే తెచ్చిచ్చింది. "మా సుబేదార్ మీద పడి ఉంటే?" అని నాలుగు చీవాట్లు కూడా పెట్టింది.

ఫోన్ అట్లా తెగిపోయేసరికి ధర్మరాజు కంగారుపడ్డాడు. ఏమైందో ఏమోనని వేడుక దాకా ఆగకుండా అందిన రైలెక్కేశాడు.

తెల్లారి సైనిక్‌పురిలో ఆటో దిగాడు. రెండు చేతులా మనవరాలి కోసం తెచ్చిన సంచులు. వీధి తలుపు కొడితే పలికే నాథుడు లేడు. అనుపమ పసిపిల్లతో నిద్రలో ఉంది, దేవమ్మ మేడ మీద గద్దల మధ్య ఉంది. ఆయన పక్క సందులోంచి పెరటి వైపు నడిచి, మోచేత్తో ఇనుప గేటు నెట్టుకుని లోపలికి వచ్చాడు. గేటు వేయడానికి చేతులు ఖాళీ లేవు.

ఆయన వెనకే సుబేదార్ కూడా లోపలికి వచ్చాడు.

భద్రయ్యకు అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. గేట్లో వియ్యంకుడు. వియ్యంకుడి కాళ్ల సందున కుక్క. తలమీద గిరికీ కొడుతూ దిగుతున్న గద్ద. నడిపెరట్లో రెక్కలు విప్పి, పిల్లలను కిందికి లాక్కుని, మెడ ఈకలు నిక్కబొడుచుకుని నిలబడ్డ పెట్ట. గొడుగు పైకెత్తితే కుక్క పడుతుంది, కర్ర కుక్క వైపు తిప్పితే గద్ద పడుతుంది. ఇన్నాళ్లూ ఒకదాని తర్వాత ఒకటిగా తనను ఓడించినవి ఇవాళ కలిసి వచ్చాయి. ఆయన ఎటూ తిరగలేక ఆ రెండూ పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాడు.

"గంపేదండీ?" అని అరిచాడు ధర్మరాజు.

"ఏం గంప?"

"నేనిచ్చిన గంపండీ బాబూ!"

"గంపనా? వంటింట్ల ఉన్నది. ఎందుకు?"

సంచులు అక్కడే పడేసి ధర్మరాజు వంటింట్లోకి దూకాడు. లోపల బండల మీద ఉల్లిగడ్డలు దొర్లిన చప్పుడు. మరుక్షణం గంప పట్టుకుని వచ్చి పెట్ట మీద, పిల్లల మీద బోర్లించాడు. పక్కనున్న బండరాయి ఎత్తి గంప నెత్తిన పెట్టాడు. అంతే.

గద్ద గంప దాకా వచ్చి, రెక్క కొట్టి లేచిపోయింది. సుబేదార్ గంప చుట్టూ తిరిగి, సందుల్లో ముక్కు పెట్టాడు. లోపలినుంచి పెట్ట ఆ ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. వాడు కుయ్యోమంటూ గేటు దాటాడు. అక్కడ దేవమ్మ విసిరిన ఊపిరితిత్తి ముక్క ఒకటి జారిపడి ఉంటే నోట కరుచుకున్నాడు.

"అయ్యయ్యో! నా సుబేదార్‌కి మాంసం ఎవరు అలవాటు చేశారు?" అని మేడ మీంచి కాంతమణి గొల్లుమంది. "భద్రయ్యగారూ, మీకిది న్యాయమేనా?"

భద్రయ్య గొడుగు ముడిచి గంప పక్కన చతికిలబడ్డాడు.

ధర్మరాజు నుదుటి చెమట తుడుచుకుని పెరడంతా చూశాడు. "మిగతా కోళ్లేవండీ?"

"లేవు బావా," అన్నాడు భద్రయ్య. ఇక దాచే ఓపిక కూడా లేదు. "పుంజును కుక్క తిన్నది. పొడలదాన్ని సుత కుక్కే తిన్నది. ఎర్రదాన్ని ముంగిస ఈడ్చుకపోయింది. పిల్లల్ని గద్దలు ఏరుకతింటున్నయ్, నేనే తినబెట్టి తెచ్చుకున్న గద్దలు. గేటు చేసిన, బండలేసిన, జాలీ కొట్టిచ్చిన. ఫస్ట్‌క్లాస్ అన్నదంత అబద్ధం. నవ్వుకోండ్రి ఇగ."

ధర్మరాజు నవ్వలేదు. కాసేపు.

"ఈ గంప ఎందుకిచ్చాననుకున్నారు బావగారూ?"

"ఉల్లిగడ్డలకు."

అప్పుడు నవ్వాడు. గోడ పట్టుకుని, కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని నవ్వాడు.

"చెప్పాలె గద!" అని మండిపడ్డాడు భద్రయ్య. "కోడి గురించి గంటసేపు చెప్పిండ్రు, గంప గురించి ఒక్క ముక్క చెప్పిండ్రా?"

"గంప ఎందుకో తెలియని మనిషి ఉంటాడని నాకెలా తెలుస్తుందండీ!"

"మరి కోడి తిరగాలె గదా? గంప కింద మూస్తే ఇగ బోనుకు దీనికి ఫరక్ ఏంది?"

"తిరగాలండి. మీరు పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నంతసేపూ తిరగాలి. మీరు టీ తాగడానికి లేచారా, గంప కిందికి. మా ఊళ్లో కోళ్లు తిరుగుతాయంటే, పక్కన ఓ ముసలాయన ఊరికే కూర్చుని ఉంటాడని అర్థం."

భద్రయ్య గంప సందుల్లోంచి లోపలికి చూశాడు. తోక ఈకలు రెండు ఊడి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, పెట్ట ఆయన వైపు కోపంగా చూసింది. దాని రెక్కల కిందినుంచి పసుపు తలలు ఒకటొకటిగా బయటికొచ్చాయి.

"ఊరికే కూసునుడే నాకు రాదు బావా," అన్నాడు నీరసంగా.

ఉయ్యాల వేడుక బాగానే జరిగింది. వచ్చిన చుట్టాలందరినీ ధర్మరాజు ముందు ఉయ్యాల దగ్గరికి, తర్వాత గంప దగ్గరికి తీసుకెళ్లి ఉల్లిగడ్డల కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా నవ్వాడు. కోడిపిల్లలు ఎండలో తిరుగుతుంటే భద్రయ్య కొత్త చొక్కాలో, కుర్చీలో గొడుగేసుకుని కూర్చుని అదంతా విన్నాడు. లేచి వెళ్లిపోదామంటే లేవడానికి లేదు, గద్దలు చూస్తున్నాయి. దేవమ్మ ఇప్పటికీ పొద్దున్నే మేడెక్కి వాటికి వడ్డిస్తుంది. మానేస్తే ఆరేసిన బట్టలు ఎత్తుకుపోతున్నాయట. ఉల్లిగడ్డలు వంటింటి నేల మీదే ఉన్నాయి, వాటికి ఇంకో గంప దొరకలేదు.

ఇక ఒక్క మాట. గద్ద ఫోన్ ఎత్తుకుపోయిందనీ, ధర్మరాజు ఆకాశంలోంచి హుస్సేన్‌సాగర్ చూశాడనీ చెప్పాను చూడండి, అది నేను కల్పించింది. గద్ద ఆ ఫోన్ జోలికే రాలేదు. కళ్లముందే ఇంకో పిల్లను తన్నుకుపోతుంటే ఉక్రోషం పట్టలేక భద్రయ్యే దాన్ని గద్ద మీదికి విసిరేశాడు. తగల్లేదు కూడా. కానీ కాంతమణి మేడ మీద పడింది, అద్దం పగిలింది, ఆవిడ చీవాట్లు పెట్టింది. అదంతా నిజమే.